వెస్లీ రాయి

చచ్చిపోయినవాళ్ళ ముఖాలు ఫెబీకి తెలిసినంతగా వాళ్ళ పిల్లలకు కూడా తెలియవని మార్కాపురంలో ఒక మాట ఉంది. మాట పుట్టించింది కిట్టనివాళ్ళే అయినా అందులో అబద్ధం లేదు. కంభం రోడ్డు పక్కన టైర్ల దుకాణాన్ని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో ఆమె పని అదే. ఎవరింట్లోనైనా మనిషి పోతే, ఏడాది తిరిగేసరికి ఆ ఇంటివాళ్ళు ఒక ఫొటో పట్టుకుని వస్తారు. పెళ్ళి ఫొటోలోంచి కత్తిరించింది కావచ్చు, ఆధార్ కార్డులోది కావచ్చు, మేకల మందలో నిలబడి ఉన్నప్పుడు ఎవరో సెల్లులో తీసిన మసక బొమ్మ కావచ్చు. ఫెబీ దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, పెద్దది చేసి, రంగు తీసేసి, నలుపూ తెలుపూ తేల్చి, లేజర్ మిషన్ కింద నున్నగా పాలిష్ పెట్టిన నల్లరాయి పెడుతుంది. మిషన్ పై నుంచి కిందికి ఒక్కో గీతా కాల్చుకుంటూ దిగుతుంది. ముందు జుట్టు, తర్వాత నుదురు, కళ్ళు, ముక్కు, ఆఖరుకు గడ్డం. పొద్దున పెడితే మధ్యాహ్నానికి మనిషి రాయి మీద ఉంటాడు.

ఇంతమందికి రాళ్ళు చేసిన ఫెబీ తన మొగుడికి మాత్రం చేయలేదు.

మొగుడి పేరు వెస్లీ. ఆ షెడ్డు వేసింది, మిషన్ తెచ్చింది, కంప్యూటర్ కూర్చింది, ఫెబీకి పని నేర్పింది అన్నీ అతనే. గిద్దలూరులో ఒక రాయి దింపి తిరిగి వస్తుంటే కంభం దాటాక గేదె అడ్డం వచ్చింది. బండి మీది నుంచి పడ్డవాడు మళ్ళీ లేవలేదు. అతను పోయాక ఈస్టర్ పండగలు రెండు వచ్చి పోయాయి. ఇక్కడి క్రైస్తవ సంఘాలవాళ్ళు ఈస్టర్ ముందు రోజు సమాధులకు సున్నం కొడతారు. పండగనాడు తెల్లవారుజామున కొవ్వొత్తులూ బంతిపూలూ పట్టుకుని సమాధుల తోటకు పోయి, ఎవరి మనుషుల దగ్గర వాళ్ళు కూర్చుని పాటలు పాడతారు. ఆ తోటలో సగం రాళ్ళు ఫెబీ చేసినవే. వెస్లీ సమాధికి సిమెంటు గట్టు ఉంది, సున్నం ఉంది. తల దగ్గర రాయి మాత్రం లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు దిక్కులేనివాడిదేమో అనుకుని ఒక పువ్వు ఎక్కువ పెట్టి పోతారు.

జనం నోరు ఊరుకుంటుందా? తన భర్త రాయి తీసుకుపోవడానికి వచ్చిన ప్రేమకుమారి అడగనే అడిగింది.

"మా ఆయన ఇప్పుడే పలుకుతాడేమో అన్నట్టు చేసినావమ్మా. మరి వెస్లీది ఎప్పుడు పెడతావు?"

"పెడతా పిన్నీ. కంప్యూటర్ సరిగ్గా లేదు."

"మా ఆయనకు సరిగ్గానే ఉన్నిందే," అంది ప్రేమకుమారి. ఆమె మంచిదే. మాటే కొంచెం సూటి.

ఆ సాకులో సగం నిజం లేకపోలేదు. ఆ కంప్యూటర్ పాతది. అందులో ఉన్నది విండోస్ సెవెన్, ఎందుకంటే మిషన్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ దాని మీదే నడుస్తుంది. ఏడాదిగా దానికి ఒక జబ్బు పట్టుకుంది. రాయి సగంలో ఉండగా 'టుడుం' అని ఒక శబ్దం వస్తుంది. ఆ శబ్దంతో కంప్యూటర్‌కూ మిషన్‌కూ మధ్య సంబంధం తెగిపోతుంది. మళ్ళీ కలిపినా లేజర్ ఎక్కడ ఆగిందో దానికి గుర్తుండదు. రాయి పాడైనట్టే. పేర్లూ తేదీలూ తొందరగా అయిపోతాయి గనక పెద్ద ఇబ్బంది లేదు. ముఖాల దగ్గరే భయం. ఫెబీ వైరు మార్చింది, వైరు గుచ్చే రంధ్రం మార్చింది, ముఖం మొదలుపెట్టిన ప్రతిసారీ ప్రార్థన చేసింది. ఎక్కువసార్లు గట్టెక్కింది. బస్టాండు దగ్గర సెల్లు దుకాణం నడిపే సతీష్ కంప్యూటర్లు కూడా బాగుచేస్తాడు, వెస్లీ దగ్గరే పని నేర్చుకున్నవాడు. వచ్చి చూస్తానక్కా అని ఏడాదిగా అంటూనే ఉన్నాడు. ఫెబీయే రానివ్వలేదు. కంప్యూటర్ బాగుపడితే చెప్పుకోవడానికి సాకు మిగలదు.

అసలు సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. ముఖం రాయి మీదకు ఎక్కాలంటే ముందు దాన్ని తెర నిండా పెట్టుకుని గంటల తరబడి చూడాలి. కనురెప్ప వెంట్రుక కూడా విడిగా చూడాలి. పరాయివాళ్ళను ఎంతసేపైనా చూడగలదు. వెస్లీ ఫొటో రెండుసార్లు తెరిచింది. రెండుసార్లూ జుట్టు దాటి కిందికి రాలేక మూసేసింది. రాయి పెట్టేస్తే అతని పని అయిపోయినట్టే అని కూడా ఆమెకు ఒక మూల ఉండేది. పుట్టిన తేదీ పక్కన గీత గీసి రెండో తేదీ వేయడం ఎన్ని వందలసార్లు చేసిందో. ఆ ఒక్కసారి మాత్రం చేయి రాలేదు.

ఇంట్లో ఆమెతో ఉండేది అత్త పుష్పమ్మ. వయసులో ఉన్నన్నాళ్ళూ పలకల ఫ్యాక్టరీలో అంచులు నూరింది. పిల్లలు రాసుకునే పలకలు దేశమంతా పోతున్న రోజుల్లో ఆ దుమ్మంతా పీల్చింది. దుమ్ము ఆమె మొగుణ్ణి తీసుకుపోయింది గాని ఆమెను వదిలేసింది. ఆమెకు వచ్చింది కళ్ళ జబ్బు, నీటికాసులు. పోయిన చూపు రాదని, ఉన్న చూపు ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనని ఒంగోలు డాక్టరు కిందటేడే అన్నాడు. చుక్కల మందు ఇచ్చాడు. ఫెబీ పొద్దునా రాత్రీ ఆ చుక్కలు వేస్తుంది. పుష్పమ్మ దేనికీ పోరు పెట్టే మనిషి కాదు. కొడుకు రాయి గురించి రెండేళ్ళలో ఒక్క మాట అడగలేదు.

ఈస్టర్‌కు వారం ముందు, మట్టల ఆదివారం నాడు అడిగింది. గుడి నుంచి వచ్చి, చేతిలో ఉన్న ఈతమట్ట దేవుడి పటం వెనక పెట్టబోయి, అది జారి కింద పడితే తీసుకోకుండా గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"ఫెబీ, ఈ పండక్కి వాని మొగం పెట్టు."

"పెడతా అత్తా. కంప్యూటరు..."

"కంప్యూటరు సంగతి నాకు తెల్దు బిడ్డా. పై పండక్కి పెడితే నేను చూడలేను. ఒక్కసారి చూసి పోతా. అంతకన్నా ఏం అడగను."

ఫెబీ వంగి ఈతమట్ట తీసి పటం వెనక తానే పెట్టింది.

ఆ వారం ఆమె అందరి రాళ్ళూ తొందర తొందరగా పూర్తి చేసి పంపేసింది. బుధవారం సాయంత్రం షెడ్డు తలుపు వేసుకుని వెస్లీ ఫొటో తెరిచింది. రాచర్లలో ఎవరి పెళ్ళిలోనో తీసింది. మెడలో తువ్వాలు, నోట్లో వక్కపొడి, కెమెరా వైపు చూసీ చూడనట్టు ఉన్నాడు. ఈసారి మూయలేదు. ఏడుస్తూనే నుదుటి మీద వెలుగు సరిచేసింది, ఏడుస్తూనే చెంప నీడ తేల్చింది. ఏడుపు వేళ్ళకు అడ్డం రాలేదని ఆమెకే వింతగా అనిపించింది.

గురువారం రాయి పెట్టింది. జుట్టు వచ్చింది, నుదురు వచ్చింది. కనుబొమల దగ్గరకు రాగానే 'టుడుం'. ఇంకో రాయి పెట్టింది. ఈసారి జుట్టు కూడా పూర్తి కాలేదు. గోరుచుట్టు మీద రోకలి పోటు అంటారే, అట్లా అయింది. అన్నాళ్ళూ ఊరందరి దగ్గరా కంప్యూటర్ మీద నెపం పెట్టింది. ఇప్పుడు అది నిజంగానే మొరాయించింది. మిషన్ అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే అవతల ఒక అమ్మాయి ఓపిగ్గా విన్నది. కంప్యూటర్ పాతది కదా మేడం, చిప్‌సెట్ డ్రైవర్లు అప్‌డేట్ చేసుకోండి, యూఎస్‌బీ తెగిపోవడం ఆగుతుంది అని చెప్పింది.

డ్రైవర్ అంటే ఏమిటో ఫెబీకి తెలుసు. కంప్యూటర్ లోపలి బోర్డు మీద ఉన్న ముక్కలతో ఎట్లా మాట్లాడాలో విండోస్‌కు నేర్పే చిన్న ప్రోగ్రాము అది. చిప్‌సెట్‌ది అయితే అన్నిటికీ పెద్దన్న లాంటిది, అది సరిగ్గా లేకపోతే మిగతావన్నీ తలో దిక్కు చూస్తాయి. వెస్లీ మాత్రం వీటి జోలికి పోనిచ్చేవాడు కాదు. "నడిచే దాన్ని గెలకొద్దు ఫెబీ. దానికి నెట్టు వద్దు, కొత్తది ఏదీ వద్దు," అనేవాడు. ఆ మాట ఫెబీ పక్క దుకాణాలవాళ్ళందరికీ చెప్పేది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడినట్టు ఆమే ఆ రోజు గెలికింది.

శుక్రవారం పొద్దున, మధ్యాహ్నం సిలువ ధ్యానానికి ఇంకా వ్యవధి ఉండగా, షెడ్డుకు వచ్చింది. గుడ్‌ఫ్రైడే నాడు పనేందని అత్త అనలేదు గాని అన్నట్టే చూసింది, లేదా ఫెబీకి అట్లా తోచింది. కంప్యూటర్ పెట్టె మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో ఉంది, కింద చిన్న అక్షరాలతో నంబరు ఉంది. ఆ రెండూ సెల్లులో కొట్టి ఆ కంపెనీ వాళ్ళ పేజీలో వెతికితే చిప్‌సెట్ డ్రైవర్ దొరికింది. సెల్లులోకి దించి, వైరుతో కంప్యూటర్‌లోకి ఎక్కించింది. నడిపించగానే తెర మీద ఇంగ్లీషులో ఒక హెచ్చరిక వచ్చింది. ఇది ఈ కంప్యూటర్‌కు సరిపోకపోవచ్చు, అయినా కొనసాగించాలా అని అడిగింది. మన దగ్గర నెట్ దుకాణాల్లో పెరిగిన చేతికి ఇట్లాంటివి చదివే అలవాటు ఉండదు. 'యస్' అనేది ఎక్కడుందో చూస్తుంది, నొక్కుతుంది. ఫెబీ నొక్కింది. ఆకుపచ్చ గీత నిండింది. మళ్ళీ మొదలుపెట్టమంటే మొదలుపెట్టింది.

కంప్యూటర్ లేచింది. పాస్‌వర్డ్ అడిగే తెర వచ్చింది. వెస్లీ అని పేరు, దాని కింద ఖాళీ గడి, గడిలో రెప్పలాడే చిన్న గీత. ఫెబీ టైపు చేసింది. గడిలో ఏమీ పడలేదు. మౌస్ కదిపింది. బాణం కదల్లేదు. మౌస్ కడుపులో ఎప్పుడూ వెలిగే ఎర్ర లైటు ఆరిపోయి ఉంది. వైర్లు అన్నీ పీకి అన్ని రంధ్రాల్లోనూ పెట్టి చూసింది. ఆపి వేసింది, వేసి ఆపింది. ప్రతిసారీ వెస్లీ పేరు దాకా వచ్చి అక్కడే నిలబడింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. మిషన్ తెగిపోవడం సరే, ఇప్పుడు కీబోర్డూ మౌసూ కూడా పోయాయి. లోపలికి పోతేగాని చేసిన తప్పు సరిచేయలేదు. సరిచేస్తేగాని లోపలికి పోలేదు. అంత ఏడుపుతో తయారుచేసిన ముఖం ఆ తలుపు వెనకే ఉంది.

ఆ మధ్యాహ్నం గుడిలో సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఎవరు ఏం ప్రసంగించారో ఫెబీని అడిగితే చెప్పలేదు. పక్కన పుష్పమ్మ ఆమె మోచేయి పట్టుకుని కూర్చుంది. పాట పాడేటప్పుడు పాడింది, మోకరించేటప్పుడు మోకరించింది. ఇంటికి నడుస్తూ అడిగింది.

"అయిందా బిడ్డా?"

"అవతా ఉంది అత్తా."

అబద్ధం చెప్పినందుకు కాదు, అది అంత సులువుగా వచ్చినందుకు ఫెబీకి భయమేసింది. రెండేళ్ళుగా సాకులు చెబుతున్న నోరు కదా, దానికి బాగా అలవాటైపోయింది. వాకిట్లోకి రాగానే సతీష్‌కు ఫోన్ చేసింది.

శనివారం పొద్దున్నే సతీష్ వచ్చాడు. అంతా విన్నాడు. ఏడాదిగా రానివ్వని సంగతి ఎత్తలేదు. కంప్యూటర్‌ను బల్ల మీద పక్కకు పడుకోబెట్టి మరలు తీశాడు. మూత తీయగానే రాతి దుమ్ము బూడిదలా రాలింది. బ్రష్షుతో తుడిచి లోపలికి సెల్లు లైటు వేసి కాసేపు చూశాడు.

"అక్కా, ఈ పెట్టెకూ లోపల బోర్డుకూ సంబంధమే లేదు."

"ఏంది?"

"పెట్టె ఒక కంపెనీది, బోర్డు ఇంకో కంపెనీది. అప్పట్లో మూతపడిన ట్యుటోరియల్ కాలేజీలో వెస్లీ అన్న పెట్టెలు కొన్నాడు గదా. వాటిల్లో బోర్డు ఎప్పుడో పోయింటాది. వేరేది తెచ్చి దీంట్లో కూర్చినాడు. నువ్వు పెట్టె మీద పేరు చూసి దాని డ్రైవరు ఎక్కించినావు. నీకు చెప్పలేదా?"

"చెప్పలేదు," అంది ఫెబీ.

లోపల ఫ్యాను ఊగకుండా ఒక గుడ్డపీలికతో కట్టి ఉంది. నీలం మీద తెల్ల చుక్కలు. ఫెబీకి ఆ చీర తెలుసు. అంచు ఎవరు చించారని ఇల్లంతా వెతికింది, పక్కింటి కుక్కను కూడా తిట్టింది. వెస్లీ ఆ రోజు కుక్కదే తప్పన్నట్టు తల ఊపాడు. ఆమెకు నవ్వు వచ్చింది, ఆ పీలికను వేలితో తడిమింది. సతీష్ చూడనట్టు వైర్లు చూశాడు.

"ఇప్పుడు ఏం చేయాల?"

"గుండ్రం పిన్ను కీబోర్డు కావాల. పాతకాలందక్కా. ఇప్పుడొచ్చేవన్నీ యూఎస్‌బీవి, ఆ దారులన్నీ మూసుకుపోయినాయి. వెనకాల గుండ్రం రంధ్రం ఉంది సూడు, దానికి వేరే దారి. అది ఒక్కటి దొరికితే లోపలికి పోయి తప్పుది తీసేస్తా."

దొరికితే కదా. మార్కాపురంలో ఉన్న కంప్యూటర్ దుకాణాలన్నీ తిరిగాడు. కొందరు నవ్వారు, ఒకాయన పాత సామాను కొనేవాడికి మొన్ననే తూకానికి వేశానన్నాడు. చివరికి గిద్దలూరులో సతీష్ మేనబావ అశోక్ దగ్గర ఒకటి ఉందని తేలింది. టైపు ఇన్‌స్టిట్యూట్ మూసేసినా ఆయన ఏదీ పారేయడు. ఇటు వైపు వస్తువు తొందరగా రావాలంటే ఒకటే పద్ధతి. అశోక్ కీబోర్డును పాత పేపరులో చుట్టి, మార్కాపురం బస్సు డ్రైవరు సీటు వెనక పెట్టించి, బస్సు నంబరు ఫోన్‌లో చెప్పాడు.

అదే సమయానికి సమాధుల తోటలో జనం సున్నం కొడుతున్నారు. పుష్పమ్మను కూడా రమ్మని చుట్టుపక్కల ఆడవాళ్ళు పిలిస్తే పోలేదు. వాళ్ళలో ఒకామె చేయి పట్టుకుని షెడ్డులోకి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఏమైందని అడగలేదు. ఫెబీ ఇక ఆగలేక చెప్పేసింది.

"అత్తా, నేను చెడగొట్టినా. వేరే దాన్ని ఎక్కించినా. అది తెరుచుకుంటదో లేదో తెల్దు."

పుష్పమ్మ ఫెబీ చేయి వెతికి పట్టుకుంది.

"నిన్న గుళ్ళోనే అనుకున్నా. నీ ఆమేన్ ఒక్కటీ వినపడలేదు," అంది. "ఏడవబాక. వచ్చే బస్సు రానీ."

బస్సు తర్లుపాడు దగ్గర ఆగిపోయిందని ఒకరు, బయలుదేరిందని ఒకరు చెప్పారు. ఎండ వాలాక సతీష్ బండి మీద వచ్చాడు, ఒళ్ళో పసిబిడ్డను పెట్టుకున్నట్టు కీబోర్డు పెట్టుకుని. దాని మీద అక్షరాలు సగం అరిగిపోయి ఉన్నాయి. గుండ్రం పిన్ను గుండ్రం రంధ్రంలో పెట్టి కంప్యూటర్ వేశాడు. కీబోర్డు మూల చిన్న ఆకుపచ్చ లైటు వెలిగింది. కంప్యూటర్ లేస్తుండగానే సతీష్ ఒక మీట టకటకా కొట్టి, విండోస్‌ను సగం బట్టలతో లేపినట్టు అవసరమైనవి తప్ప ఏవీ లేకుండా లేపాడు. మౌస్ లేదు కనక మీటలతోనే ఒక్కో వరుసా దిగుతూ పోయి, ఫెబీ ఎక్కించిన డ్రైవర్‌ను తీసేశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మౌస్ కడుపులో ఎర్ర లైటు వచ్చింది.

తర్వాత బోర్డు మీద దుమ్ము కింద అచ్చు వేసి ఉన్న నంబరు చదివి, దానిది దాని కంపెనీ పేజీలో వెతికి తెచ్చాడు. అది ఎప్పటిదో పాతది. ఫెబీ అనుమానంగా చూసింది.

"కొత్తది లేదా?"

"కొత్తది కాదక్కా కావాల్సింది, దీనిది కావాల."

ఈసారి ఏ హెచ్చరికా రాలేదు. మిషన్ కలిపి ఒక రాతిముక్క మీద గీతలు గీయించి చూశారు. సంబంధం తెగలేదు. సతీష్ టీ కూడా తాగకుండా పోయాడు, అతని దుకాణం పొద్దుటి నుంచి మూసే ఉంది. ఫెబీ కొత్త రాయి పెట్టింది, వెస్లీని తెరిచింది, మీట నొక్కింది.

నొక్కి బయటికి వచ్చి నిలబడింది. జుట్టు వస్తుంటే చూడలేకపోయింది. లోపల పుష్పమ్మ ఒక్కతే మిషన్ చప్పుడు వింటూ కూర్చుంది. 'టుడుం' అని వినపడుతుందేమోనని రోడ్డు మీద పోయే ప్రతి లారీనీ ఫెబీ తిట్టుకుంది. అది రాలేదు. రాత్రి బాగా పొద్దుపోయాక మిషన్ దానంతట అదే ఆగింది. లోపలికి పోయి తడిగుడ్డతో తుడిచింది. వెస్లీ వచ్చాడు. వక్కపొడి నములుతూ, చూసీ చూడనట్టు. ఇన్నాళ్ళు దేనికి భయపడిందో అది అక్కడ లేదు. ఉన్నది వెస్లీయే. ఇంత ఆలస్యం ఎందుకు చేశానని ఆమెకు ఆ క్షణంలో తన మీద తనకు కోపం వచ్చింది.

"అత్తా, రా. చూడు."

పుష్పమ్మ లేవలేదు. "ఇప్పుడు వద్దు. అయ్యగారు ప్రార్థన చేసినాక చూస్తా. అట్లనే చూడాల," అంది. అది నిజమే. రాయి పెట్టి తెల్లగుడ్డ కప్పి, పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాకే తీయడం ఇక్కడి ఆనవాయితీ. మేస్త్రీని పిలిచి ఆ రాత్రే రాయి నిలబెట్టించి గుడ్డ కప్పారు.

ఈస్టర్ తెల్లవారుజామున తోట నిండా కొవ్వొత్తులు. ప్రతి సమాధి దగ్గర ఒక ఇల్లు కూర్చుని ఉంది. ప్రేమకుమారి దూరం నుంచి ఫెబీకి తల ఊపింది. అయ్యగారు వచ్చి పునరుత్థానం గురించి రెండు ముక్కలు చదివి, ప్రార్థన చేసి, గుడ్డ తీశాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో ముక్కు చీదారు. వెస్లీయే, అచ్చం వెస్లీయే అని ఒకరంటే ఇంకొకరు అవునన్నారు. అయ్యగారు పక్క సమాధికి పోయాడు, ఆయనతో పాటు జనమూ పోయారు.

పుష్పమ్మ రాయికి ఎదురుగా కూర్చుంది. ముఖంలో ఏ మార్పూ లేదు. చీకటి కదా, కనపడ్డం లేదేమోనని ఫెబీ కొవ్వొత్తి తీసుకుని రాయి దగ్గరగా పెట్టింది. మరీ దగ్గరగా పెట్టింది.

"ఎట్ల వచ్చినాడు?" అంది పుష్పమ్మ.

"చూడు అత్తా. ఇదిగో."

"కొవ్వొత్తి తీసెయ్ బిడ్డా, వేడి తగులుతా ఉంది. నాకది కనపడదు."

ఫెబీ కొవ్వొత్తి వెనక్కి తీసింది.

"ఎప్పటి నుంచి?"

"కిస్మస్ నాటికే పోయినాయి. కొద్దిగా వెలుగు తెలిసేది. ఇప్పుడు అదీ లేదు."

"మరి చుక్కలు వేస్తుంటే చెప్పలేదే."

"చెప్తే నువ్వు ఇంక రాయి చేయవు. ఎవరి కోసం చేస్తావు? నాకు కనపడకున్నా వాడు ఇక్కడ ఉన్నాడని ఊరికి తెలియాల గదా."

పుష్పమ్మ చేయి చాచి రాయిని వెతికి పట్టుకుంది. పై అంచు మీద వేళ్ళు పెట్టి మెల్లగా కిందికి దింపింది. పలకల అంచులు నూరిన వేళ్ళు, రాతిలో వెంట్రుకంత గీత ఉన్నా పట్టే వేళ్ళు. ముఖమంతా తడిమాయి, పక్కకు పోయాయి, మళ్ళీ వెనక్కి వచ్చాయి. లేజర్ కాల్చిన బొమ్మ కంటికి మనిషి. వేలికి అది గరుకు తప్ప మరేమీ కాదు. ఎక్కడ ముక్కో ఎక్కడ చెంపో దానికి తెలియదు. అది ఫెబీకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"ఇసక మాదిరి ఉంది," అంది పుష్పమ్మ. గొంతులో ఫిర్యాదు లేదు. అది ఫెబీకి భరించలేనిదైంది. కిందటి ఈస్టర్‌కు చేసి ఉంటే ఆ కళ్ళు చూసేవి. అంతకు ముందు ఈస్టర్‌కైతే ఇంకా బాగా చూసేవి. కంప్యూటర్ సరిగ్గా లేదని ఊరికి చెప్పిన రోజులన్నీ ఆ కళ్ళ లోపలి నుంచి ఒక్కొక్కటిగా పోయాయి. ఏ డ్రైవర్ మార్చినా అవి వెనక్కి రావు.

కొవ్వొత్తి మట్టిలో గుచ్చి, అత్త పక్కన కూర్చుని, ఆమె చూపుడు వేలు తన చేతిలోకి తీసుకుంది.

"ఇది నుదురు అత్తా. జుట్టు ఇట్ల పక్కకు దువ్వినాడు."

"ఊఁ."

"ఇదిగో కనుబొమ. ఇది ఇంకోటి. ఇది కొంచెం పైకి లేచి ఉంది, ఏదో ఎగతాళి చేయబోయే ముందు లేపుతాడే, అట్ల."

"ఊఁ. కండ్లు తెరిచే ఉన్నాడా?"

"తెరిచే ఉన్నాడు. మన వైపు చూడ్డంలేదు. పక్కకు చూస్తా ఉన్నాడు."

"వాడంతే. ఫొటో తీస్తే సిగ్గు," అంది పుష్పమ్మ. "పై పెదివి మీద గాటు ఉందా? బడిలో పలక పగిలి గీసుకున్నాడు, ఒకటో తరగతిలో."

ముఖాల మీద మచ్చలూ గాట్లూ తీసేయడం ఫెబీ పనిలో మొదటి పని. ఎవరూ అడగకపోయినా తీసేస్తుంది. బుధవారం సాయంత్రం ఆ గాటు దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం దాన్ని అట్లాగే వదిలేసింది.

"ఉంది అత్తా. ఇక్కడ."

పుష్పమ్మ వేలు అక్కడ చాలాసేపు ఉంది. చుట్టూ పాట మొదలైంది, ఆమె పాడలేదు. తెల్లవారుతోంది, ఆమె తల ఎత్తలేదు.

"ఇంకోసారి చెప్పు," అంది.

ఫెబీ ఆమె వేలిని పైకి తీసుకుపోయి, మళ్ళీ నుదుటి దగ్గర నుంచి మొదలుపెట్టింది.